పేటీ చెక్కకి టోన్ రాదట!

పోయిన శనివారం మా పిన్ని కొడుకుని వెంటబెట్టుకుని ఆబిడ్స్ వెళ్ళాను. (ఆదివారమైతే సగం షాపులు మూసేసి ఉంటాయి, వాటి ముందు ఫుట్‌పాత్ నిండా పాత పుస్తకాలు పరుస్తారు. పుస్తకాలు చూశానంటే వచ్చిన పని మర్చిపోతానని వాడికి తెలుసు. అందుకే శనివారం బయల్దేరదీశాడు.) మెట్రోలో నాంపల్లిలో దిగి, స్టేషన్ రోడ్డు మీదుగా నడుచుకుంటూ ఒక మ్యూజిక్ షాపుకి చేరాం. వాడికి ఎలక్ట్రిక్ గిటార్ కావాలి. ఇంజినీరింగ్ రెండో ఏడు చదువుతున్నాడు. పండగలకి పెద్దవాళ్ళు ఇచ్చినవీ, జూనియర్లకి ట్యూషన్ చెప్పినవీ కలిపి రెండేళ్ళలో పదిహేను వేలు పోగేశాడు.

షాపులో మాకు నచ్చినవి రెండు. ఒకటి పైన్ బాడీ, పద్నాలుగు వేలు. రెండోది మహాగని బాడీ, ఇరవై రెండు వేలు. రెండిట్లోనూ పికప్పులు ఒకే రకం, బ్రిడ్జి ఒకే రకం. మావాడు పైన్‌దాన్ని అలా చేతిలోకి తీసుకున్నాడో లేదో, షాపాయన నవ్వేశాడు.

"ఏ తో పేటీ కా లక్డీ హై భయ్యా. ఇస్మే టోన్ కైకూ ఆతా?"

ఇది ప్యాకింగ్ పెట్టెలు చేసే చెక్క, ఇందులో టోన్ ఎందుకొస్తుంది అని. మావాడు గిటార్‌ని మెల్లిగా యథాస్థానంలో పెట్టేశాడు. అప్పటిదాకా వెలిగిపోతున్న మొహం కాస్తా చిన్నబోయింది. "అన్నా, ఇంకో ఏడాది ఆగి మహాగనిదే కొందాంలే" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. షాపాయన మీద కాదు. ఆయన్ని అంతకుముందు ఎప్పుడూ చూడలేదు, మనిషి మర్యాదస్తుడే, టీ కూడా తెప్పించాడు. మండింది ఆ వాక్యం మీద. ఎందుకంటే అదే వాక్యం, అక్షరం పొల్లు పోకుండా, అదే ఆబిడ్స్‌లో ఇంకో షాపులో నేను 2016లో విన్నాను.

అప్పుడు నా పక్కన ఉన్నది మా నాన్న. ఇంజినీరింగ్ ఫస్ట్ ఇయర్ మంచి మార్కులతో పాసైతే గిటార్ కొనిపెడతానని మాట ఇచ్చారు. ఆయన ఒక చిన్న కంపెనీలో అకౌంట్స్ చూసేవారు. జేబులో ఎనిమిది వేలు పెట్టుకుని వచ్చాం. పేటీ చెక్క, టోన్ రాదు, పిల్లాడు సీరియస్‌గా నేర్చుకోవాలంటే మహాగని తీసుకోండి సాబ్ అన్నాడు ఆ షాపువాడు. నాన్నకి గిటార్ గురించి ఏమీ తెలీదు. కానీ "సీరియస్‌గా" అన్న మాట ఆయనకి బాగా తెలుసు. బయటికెళ్ళి ఏటీఎంలోంచి ఇంకో నాలుగు వేలు తెచ్చారు. అది స్కూటర్‌కి బోర్ చేయించాలని పక్కన పెట్టిన డబ్బు. తర్వాత ఎనిమిది నెలలు ఆయన ఆఫీసుకి బస్సులో వెళ్ళారు. నేను మాత్రం ఇంట్లో కూచుని మహాగని మోగించుకున్నాను.

అక్కడితో అయిపోతే ఈ టపా రాసేవాణ్ణి కాదు.

2022లో ఉద్యోగం, జీతం, కాస్త తీరిక అన్నీ వచ్చాక పికప్పులు మారుద్దామని ఆ గిటార్ విప్పాను. పికప్ కింద గొయ్యి ఉంటుంది కదా, దాని అంచుకి రంగు లేదు. టార్చి వేసి చూస్తే... పొరలు. ఒకదాని మీద ఒకటి, అడ్డంగా, నిలువుగా, అడ్డంగా, నిలువుగా. శుద్ధ ప్లైవుడ్! పైన కాయితం మందాన ఎర్రటి చెక్క పొర అంటించి ఉంది. స్టిక్కర్ మీద మాత్రం మహాగని అనే ఉంది. (ఏ కంపెనీ అని అడక్కండి, చెప్పను. షాపువాడికి కూడా తెలిసి ఉండకపోవచ్చు.)

మోసం సంగతి పక్కన పెట్టండి. నన్ను నిజంగా కుదిపేసింది వేరే ఉంది. ఆ ఆరేళ్ళూ నేను ఫ్రెండ్స్ దగ్గర ఏమని చెప్పుకున్నానో తెలుసా? "మహాగని కదా, ఆ వెచ్చదనం వేరు" అని. చెప్పడమే కాదు, నిజంగానే ఆ వెచ్చదనం నా చెవులకి వినపడేది! ప్లైవుడ్‌ని వింటూ మహాగని అనుకున్నాను. నా చెవులు విన్నది చెక్కని కాదు, స్టిక్కర్‌ని.

కాబట్టి ఇవాళ ఈ పేటీ చెక్క సిద్ధాంతాన్ని ఉతికి ఆరేద్దామని కూచున్నాను. ఓపికున్నవాళ్ళు చదవండి.

అసలు సాఫ్ట్‌వుడ్ అంటే మెత్తటి చెక్క కాదు

ముందు ఈ పేరుతోనే వస్తుంది తంటా. సాఫ్ట్‌వుడ్, హార్డ్‌వుడ్ అన్నవి వృక్షశాస్త్రం వాళ్ళు పెట్టుకున్న పేర్లు. పైన్, దేవదారు లాంటి శంకువులు కాసే చెట్ల చెక్క సాఫ్ట్‌వుడ్. పూలు పూసి, కాయ లోపల గింజ పెట్టే వెడల్పాకుల చెట్ల చెక్క హార్డ్‌వుడ్. చెక్క గట్టిగా ఉందా మెత్తగా ఉందా అన్నదానితో ఈ విభజనకి సంబంధం లేదు.

మన దగ్గరి ఉదాహరణే తీసుకోండి. గన్‌ఫౌండ్రీ దగ్గర హస్తకళల షాపులో కొండపల్లి బొమ్మ కొని చూడండి. తెల్లపొణికి చెక్క. చేత్తో పట్టుకుంటే బరువే తెలీదు, గోరు దిగుతుంది. వృక్షశాస్త్రం ప్రకారం అది హార్డ్‌వుడ్! నిర్మల్ బొమ్మలదీ అదే చెక్క. ఇటు సరుగుడు చూడండి. సూదుల్లాంటి ఆకులతో అచ్చం పైన్ చెట్టుకి తమ్ముడిలా ఉంటుంది, కానీ అదీ హార్డ్‌వుడ్డే, ఇనుములా ఉంటుంది. ఇళ్ళు కట్టేచోట సెంట్రింగ్ కింద నిలబెట్టేది దాన్నే.

ఇక గిటార్లలో గొప్ప హార్డ్‌వుడ్‌గా చెలామణీ అయ్యే ఆల్డర్ ఘనపు మీటరుకి సుమారు 450 కిలోలు తూగుతుంది. పైన్‌లో బోలెడు రకాలున్నాయి, 350 నుంచి 600 దాకా ఉంటాయి. అంటే ఆల్డర్ కంటే బరువైన పైన్ కూడా ఉంది. మరి "సాఫ్ట్‌వుడ్‌కి టోన్ రాదు" అన్న మాటలో ఏ గుణం గురించి మాట్లాడుతున్నట్టు? బరువా? గట్టిదనమా? లేక ప్యాకింగ్ పెట్టె అన్న చిన్నచూపా? నాకైతే మూడోదే కనిపిస్తోంది.

ఇంకో తమాషా. చెక్కే ప్రాణమైన వాయిద్యాలు ఉన్నాయి కదా, అకూస్టిక్ గిటార్, వయొలిన్, పియానో. వాటిలో తీగె కంపనాన్ని గాలిలోకి పంపేది ముందు పలక. ఆ పలకకి తరతరాలుగా వాడుతున్నది స్ప్రూస్. స్ట్రాడివరి వయొలిన్ల ముందు పలకా స్ప్రూసే. స్ప్రూస్ ఏమిటి? సాఫ్ట్‌వుడ్! పైన్‌కి దగ్గరి చుట్టం. చెక్క నిజంగా పలకాల్సిన చోట సాఫ్ట్‌వుడ్‌ని నెత్తిన పెట్టుకుని, చెక్క పని అంతగా లేని ఎలక్ట్రిక్ గిటార్‌లో మాత్రం దాన్ని పేటీ చెక్క అంటే ఎలాగండీ?

వీణ న్యాయం గిటార్‌కి నప్పదు

మనవాళ్ళకి ఈ భ్రమ ఎక్కడినుంచి వచ్చిందో నేను ఊహించగలను. వీణ నుంచి. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణని ఒకే పనస మొద్దులోంచి తొలుస్తారు, ఏకాండి వీణ అంటారు. మా అమ్మమ్మ "పనస కాకపోతే వీణ పలకదే" అనేది. వీణ వరకూ ఆవిడ మాటకి తిరుగు లేదు. వీణలో తీగె ఊగితే గుర్రం ఊగుతుంది, గుర్రం ఊగితే కుండ మీది పలక ఊగుతుంది, పలక ఊగితే గాలి కదులుతుంది. మనకి వినపడేది ఆ చెక్కే. చెక్క మారిస్తే వీణ మారుతుంది.

సాలిడ్ బాడీ ఎలక్ట్రిక్ గిటార్‌లో ఈ గొలుసే లేదు. అక్కడ తీగె కింద పికప్ ఉంటుంది, అంటే అయస్కాంతం, దాని చుట్టూ కొన్ని వేల చుట్లు సన్నటి రాగి తీగ. ఉక్కు తీగె ఊగితే అయస్కాంత క్షేత్రం మారుతుంది, కాయిల్‌లో కరెంటు పుడుతుంది. ఫస్ట్ ఇయర్‌లో మనం బట్టీపట్టి మర్చిపోయిన ఫారడే సూత్రమే. ఆ కరెంటు కేబుల్‌లో పడి ఆంప్‌కి వెళ్ళి స్పీకర్‌లోంచి వస్తుంది. పికప్‌కి చెక్కను వినే చెవి లేదు. అది వినేది తీగెని.

"మరి చెక్క తీగెని ప్రభావితం చేయదా?" అంటారు. చేస్తుంది, కాదనను. తీగె రెండు కొసలూ బ్రిడ్జికీ నెక్‌కీ ఆనుకుని ఉంటాయి. ఆ ఆధారాలు కొంచెం ఊగితే ఆ మేరకు తీగె శక్తిని తాగేస్తాయి. కొన్ని గిటార్లలో ఒకటి రెండు ఫ్రెట్ల దగ్గర స్వరం తొందరగా చచ్చిపోతుంది, డెడ్ స్పాట్ అంటారు. అది ఇందువల్లే. కానీ అందులో పెద్ద నేరస్థుడు సాధారణంగా నెక్. సన్నగా, పొడుగ్గా ఉండి ఊగేది అదే. మందపాటి బాడీ దానితో పోలిస్తే బండరాయి.

మన తెలుగువాడి ఉదాహరణే ఒకటి చెప్తాను. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్. మాండలిన్ శ్రీనివాస్ అంటే అందరికీ తెలుస్తుంది. ఎనిమిది తీగెల మాండలిన్‌ని అయిదు విడి తీగెలకి మార్చి, సాలిడ్ బాడీ ఎలక్ట్రిక్ వాయిద్యం మీద కర్ణాటక సంగీతం పలికించాడు. 1983లో బెర్లిన్ జాజ్ ఫెస్టివల్‌లో వాయించేనాటికి వయసు 14. 1998లో పద్మశ్రీ వచ్చింది. 2014లో 45 ఏళ్ళకే వెళ్ళిపోయాడు. ఆయన కచేరీ విని బయటికొచ్చిన వాళ్ళు గమకం గురించి మాట్లాడారు, వేగం గురించి, రాగం గురించి మాట్లాడారు. "ఇంతకీ ఆ బాడీ ఏ చెక్కతో చేశారంటారు?" అని అడిగినవాడు నాకు ఇంతవరకు తగల్లేదు.

అసలీ వాయిద్యం పుట్టిందే పేటీ చెక్కతో

చరిత్ర చూస్తే ఇంకా నవ్వొస్తుంది. 1930ల మొదట్లో రికెన్‌బ్యాకర్ వాళ్ళు అమ్మిన తొలి ఎలక్ట్రిక్ గిటార్ పేరు ఫ్రయింగ్ పాన్. అంటే మూకుడన్నమాట. దాని బాడీ అల్యూమినియం. చెక్కే లేదు!

1940 ప్రాంతాల్లో లెస్ పాల్ అనే వాయిద్యగాడు (ఇవాళ లక్షలు పోసి కొనే మహాగని గిటార్లకి ఈయన పేరే ఉంటుంది) నాలుగంగుళాల చదరపు దుంగ మీద తీగెలు బిగించి పికప్ పెట్టాడు. ఆ దుంగ పైన్! దాని పేరే ది లాగ్, అంటే మొద్దు. జనానికి గిటార్‌లా కనపడాలని ఒక మామూలు గిటార్‌ని రెండుగా కోసి అటూ ఇటూ రెక్కల్లా తగిలించాడు. ఆ రెక్కలు చెవులకి కాదు, కళ్ళకి.

1949లో లియో ఫెండర్ చేసిన తొలి నమూనా బాడీ కూడా పైనే. తర్వాత అదే టెలికాస్టర్ అయింది. అప్పుడు ఆష్‌కి మారారు. 1956 నుంచి స్ట్రాటోకాస్టర్లకి ఎక్కువగా ఆల్డర్ వాడారు, దానికి రంగు తేలిగ్గా పడుతుంది, అక్కడ సులువుగా దొరుకుతుంది. వర్క్‌షాపు లెక్కలివి. యాభై ఏళ్ళు గడిచేసరికి ఆ లెక్కలే వేదవాక్కులైపోయాయి.

ఇంకా ఉన్నాయి. డాన్‌ఎలెక్ట్రో వాళ్ళు 1950లలో చెక్క నుజ్జుని నొక్కి చేసిన హార్డ్‌బోర్డుతో గిటార్లు చేశారు. బీరువా వెనకాల కొట్టే అట్ట లాంటిది. దాన్ని లెడ్ జెప్లిన్ జిమ్మీ పేజ్ వేదికల మీద వాయించాడు. క్వీన్ బ్యాండు బ్రయాన్ మే 1960లలో వాళ్ళ నాన్నతో కలిసి ఇంట్లో చేసుకున్న గిటార్‌లో పాత మంట గూడు చెక్క, పాత బల్ల చెక్క, బ్లాక్‌బోర్డు ఉన్నాయి. ఆయన ఇన్నేళ్ళూ ఎక్కువగా దాన్నే వాయిస్తూ వచ్చాడు. 1969లో డాన్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఏకంగా పారదర్శకమైన ప్లాస్టిక్‌తో చేశాడు, రోలింగ్ స్టోన్స్ కీత్ రిచర్డ్స్ వాయించాడు. వీళ్ళెవరికీ టోన్ లేదని ఆబిడ్స్‌లో కూచుని మనం తీర్పు చెప్పాలా?

అవతలి పక్షం మాట కూడా విందాం

ఇక్కడ నిజాయితీగా ఒక మాట ఒప్పుకోవాలి. "చెక్కకి ఏ తేడా లేదు, సున్నా" అనే వాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళతోనూ నాకు పడదు. పోలండ్ పరిశోధకులు 2021లో ఆర్కైవ్స్ ఆఫ్ అకూస్టిక్స్ పత్రికలో ఒక పని ప్రచురించారు. మిగతా భాగాలన్నీ అలాగే ఉంచి చెక్క మాత్రం మార్చి కొలిచారు. సిగ్నల్‌లో తేడా కనపడింది, విన్నవాళ్ళు కూడా ఆ తేడాని గుర్తుపట్టగలిగారు. కాబట్టి తేడా ఉంది. సరేనా?

కానీ "తేడా ఉంది" అన్నదానికీ "ఇది మంచిది, అది చెత్త" అన్నదానికీ మధ్య చాలా దూరం. రెండు చెక్కలు వేర్వేరుగా వినిపించాయంటే, ఖరీదైనది మెరుగ్గా వినిపించిందని కాదు. ఆ ఒక్క పైన్ ముక్క అలా పలికిందంటే ప్రపంచంలో పైన్ అంతా అలాగే పలుకుతుందనీ కాదు. ఒకే చెట్టులో కింది దుంగకీ పై దుంగకీ బరువులో తేడా ఉంటుంది. "మహాగని" అన్న ఒక్క పేరు చూసి టోన్ చెప్పేయడం, ఊరి పేరు చూసి మనిషి గుణం చెప్పేయడం లాంటిది.

అదే 2021లో నాష్‌విల్‌లో ఉండే జిమ్ లిల్ అనే గిటారిస్టు ఒక వీడియో పెట్టాడు. ఒక్కో భాగమూ మారుస్తూ వెళ్ళి, చివరికి బాడీ, నెక్ రెండూ తీసేశాడు. రెండు బల్లల మధ్య గాలిలో తీగెలు బిగించి, కింద పికప్ పెట్టి వాయించాడు. అది టెలికాస్టర్‌లాగే వినపడింది. నమ్మకపోతే కళ్ళు మూసుకుని వినండి.

కేబుల్ సంగతి ఎవరూ చెప్పరేం?

ఇప్పుడు నా ఇంజినీరింగ్ డిగ్రీకి కాస్త పని చెప్తాను. లెక్కలు వద్దనుకునేవాళ్ళు ఈ పేరా దాటేయండి :)

పికప్ కాయిల్‌కి ఇండక్టెన్స్ ఉంటుంది, సింగిల్ కాయిల్ అయితే 2.5 హెన్రీలు అనుకుందాం. గిటార్ కేబుల్‌కి కెపాసిటెన్స్ ఉంటుంది, మీటరుకి సుమారు 100 పికోఫారడ్లు. ఈ రెండూ కలిసి ఒక రెజొనెన్స్ అవుతుంది. ఆ ఫ్రీక్వెన్సీ దగ్గర శబ్దం కాస్త పైకి లేచి, ఆ పైన పడిపోతుంది. పికప్‌లోదీ మిగతా వైరింగ్‌దీ ఇంకో 150 కలుపుకుంటే, 3 మీటర్ల కేబుల్‌తో ఆ శిఖరం సుమారు 4700 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. 6 మీటర్ల కేబుల్ పెట్టండి, 3700కి దిగిపోతుంది. వెయ్యి హెర్ట్జ్! గిటార్ ఆంప్ స్పీకర్ స్పష్టంగా పలికేది దాదాపు 5000 హెర్ట్జ్ దాకానే కాబట్టి, ఈ జరుగుడంతా మన చెవికి తగిలే చోటే జరుగుతుంది. అంటే స్టేజి మీద పొడుగు కేబుల్ వేసుకున్నవాడు గిటార్ టోన్ మార్చేసినట్టే.

ఇంకా పికప్‌ని స్క్రూడ్రైవర్‌తో ఒక మిల్లీమీటరు పైకి లేపండి, టోన్ మారుతుంది. పాత తీగెలు తీసి కొత్తవి వేయండి, మారుతుంది. వాల్యూమ్ పాట్ 500 కిలోఓమ్‌లది తీసి 250ది పెట్టండి, మారుతుంది. మీటే చోటు బ్రిడ్జి నుంచి రెండంగుళాలు జరపండి, చెప్పక్కర్లేదు. ఇవన్నీ వందల్లో అయ్యే పనులు, చివరిది ఉచితం. మరి షాపులో ఎవడూ "మీ కేబుల్ ఎంత పొడుగు సాబ్?" అని అడగడేం? కేబుల్ ముక్కలో ఎనిమిది వేల లాభం ఉండదు కాబట్టి.

నాంపల్లి ప్రయోగం

మాటలు చెప్పడం తేలిక అని మీరు అనే లోపే చెప్తాను, నేను చేసి చూశాను. ప్లైవుడ్ బండారం బయటపడ్డ ఏడాదే, నాంపల్లిలో ఫర్నిచర్ పని చేసే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. మెషీన్లు దిగుమతి అయ్యే పైన్ పెట్టెలు విప్పి, ఆ పలకలతో మంచాలు, అలమరాలు చేస్తుంటాడు. నా పాత గిటార్ బాడీ ఆయన ముందు పెట్టి, అచ్చం ఇదే కొలత, ఆ పెట్టెల చెక్కతోనే కావాలన్నాను. ఆయన నా వంక జాలిగా చూసి, "టేకు ఉంది కదా సార్, పైసలు తక్కువున్నాయా?" అని అడిగాడు. పలకలు రెండు పొరలు అంటించి, 45 మిల్లీమీటర్ల మందం చేసి, కోసి, గోతులు తవ్వి, మూడు రోజుల్లో ఇచ్చాడు. చెక్కతో సహా పద్దెనిమిది వందలు. పక్కన ఎక్కడో ఎక్స్‌పోర్ట్ ముద్ర సగం ఇంకా కనపడుతూనే ఉంది. అచ్చమైన పేటీ!

పాత గిటార్‌వి నెక్, బ్రిడ్జి, పికప్పులు అన్నీ దానికి మార్చాను. మార్చే ముందూ, మార్చాకా, కొత్త తీగెలతో, పికప్ ఎత్తు స్కేలుతో కొలిచి, అవే ముక్కలు రికార్డు చేశాను. ఫైళ్ళ పేర్లు కలగాపులగం చేయమని రూమ్మేట్‌కి చెప్పి, వారం తర్వాత విన్నాను. క్లీన్ టోన్‌లో, తెరిచిన లావు తీగె మీద మాత్రం పైన్‌ది కొంచెం ఎక్కువసేపు మోగినట్టు అనిపించి సరిగ్గా చెప్పగలిగాను. మిగతావన్నీ చీకట్లో రాళ్ళు. డిస్టార్షన్ వేశాక ఇక చెప్పనే లేను. ఒక్క గిటార్‌తో ఇంట్లో చేసింది కాబట్టి దీన్ని సైన్సు అని నేను అనను. కానీ నాలుగు వేల తేడా అందులో ఎక్కడ దాక్కుందో నాకైతే దొరకలేదు.

పైన్‌కి లోపాలు లేవా? ఉన్నాయి, అవీ చెప్తాను. బెల్టు బకిల్ తగిలితే సొట్ట పడుతుంది. స్క్రూ రెండుసార్లు తీసి పెడితే పట్టు వదిలేస్తుంది. సరిగ్గా ఆరని చెక్క అయితే బంక కారుతుంది, మన ఎండలకీ వానలకీ వంకర పోవచ్చు. ముళ్ళు ఉన్నచోట కోత సరిగ్గా రాదు. కొనేటప్పుడు చూసుకోవాల్సినవి ఇవీ. "ఈ చెక్క మెత్తనిది, జాగ్రత్తగా వాడుకోవాలి" అని షాపాయన అని ఉంటే నేను దణ్ణం పెట్టేవాణ్ణి. ఆయన అన్నది అది కాదు కదా.

మనకి అసలు చెక్క విలువ తెలిసింది మంచాలతో, తలుపులతో. నుమాయిష్‌లో చెక్క సామాను దగ్గర ఆగితే ఏం చేస్తాం? ఎత్తి చూస్తాం, తట్టి చూస్తాం. బరువుంటే మంచిదంటాం. మంచానికి అది సరైన పద్ధతే, ముప్పై ఏళ్ళు ఉండాలి. అదే పద్ధతి గిటార్‌కి తగిలిస్తే భుజం నొప్పి మిగులుతుంది. నా ప్లైవుడ్ బాడీ కంటే పేటీ బాడీ ముప్పావు కిలో తేలిక. రెండు గంటలు నిలబడి వాయించి చూడండి, ఆ ముప్పావు కిలో విలువ తెలుస్తుంది.

ఇంకో మాట. ఈ చెక్క మోజుకి అడవుల్లో లెక్క కట్టాల్సి వస్తోంది. పెద్దాకు మహాగని 2003 నుంచి అంతర్జాతీయ వ్యాపార నియంత్రణలో ఉంది. 2017లో రోజ్‌వుడ్ జాతులన్నిటినీ ఆ జాబితాలోకి తెచ్చారు, మన జిట్టేగితో సహా. తర్వాత 2019లో తయారైన వాయిద్యాలకి సడలించారు. పైన్‌ని తోటల్లో పెంచుతారు, కోస్తారు, మళ్ళీ నాటుతారు. వినపడని తేడా కోసం ఆ పెద్ద చెట్లని కొట్టుకోవడం ఎందుకు?

నా గొడవంతా ఇదీ. డబ్బున్నవాడు మహాగని కొనుక్కుంటే నాకేం అభ్యంతరం లేదు. అందంగా ఉంటుంది, కొనుక్కోనివ్వండి. కానీ ఈ పేటీ చెక్క మాట తగిలేది డబ్బున్నవాడికి కాదు. లెక్కపెట్టుకుని తెచ్చుకున్న వాడికి, పక్కన నిలబడ్డ ఆ తండ్రికి తగులుతుంది. వాడి చేతిలో ఉన్నది పనికిరాదని చెప్పి, లేని డబ్బు ఖర్చు పెట్టిస్తుంది, లేదా గిటార్‌నే ఏడాది వాయిదా వేయిస్తుంది. పంతొమ్మిదేళ్ళ వాడికి ఒక ఏడాది అంటే ఎన్ని పాటలో ఆలోచించండి.

ప్లైవుడ్ సంగతి నాన్నకి రెండేళ్ళు చెప్పలేదు. ఆ స్కూటర్ డబ్బు గుర్తొచ్చి నోరు రాలేదు. చివరికి ఒక రోజు భోజనాల దగ్గర చెప్పేశాను. ఆయన పెరుగు కలుపుకుంటూ కాసేపు ఆగి, "మరి ఆరేళ్ళూ బానే మోగిందిగా?" అన్నారు. అంతే. నేను ఇన్ని పేరాల్లో మొత్తుకున్నది ఆయన ఒక్క ముక్కలో తేల్చేశారు.

ఇక మావాడి గిటార్ సంగతి. షాపులోనే ఓ అరగంట వాడితో పోట్లాడాను. రెండు గిటార్లూ ఒకే ఆంప్‌కి, ఒకే కేబుల్‌తో తగిలించి, వాణ్ణి గోడ వైపు తిప్పి నిలబెట్టి, మార్చి మార్చి వాయించాను. ఏది ఏదో చెప్పమన్నాను. మొదటిసారి తప్పు. రెండోసారి ఒప్పు. మూడోసారి తప్పు. షాపాయనని కూడా తిరగమన్నాను, ఆయన ఫోన్ వచ్చిందని లోపలికి వెళ్ళాడు :) పైన్‌దే కొన్నాం. మిగిలిన వెయ్యికి నేను ఇంకో వెయ్యి వేశాను. నాంపల్లి వైపు ఒక రిపేరు ఆయన దగ్గర నట్ సరిచేయించి, ఫ్రెట్లు సాపు చేయించి, కొత్త తీగెలు వేయించాం. ఇప్పుడు ఆ గిటార్ చేతికి వెన్నలా ఉంది.

మీరూ, మీ తమ్ముడో చెల్లో గిటార్ అంటే, ముందు నెక్ నిటారుగా ఉందా చూడండి. ప్రతి ఫ్రెట్ మీదా ప్రతి తీగె మోగించి గరగర రాకుండా ఉందా వినండి. ట్యూనింగ్ నిలబడుతోందా చూడండి. తర్వాత పికప్పులు, ఆ తర్వాత ఆంప్. ఇవన్నీ అయ్యాక ఇంకా డబ్బు మిగిలితే, అప్పుడు చెక్క గురించి ఆలోచించండి. ఎవరైనా పేటీ చెక్క అని నవ్వితే, గోడ వైపు తిరిగి నిలబడమనండి.